హైలాండ్స్ కొండలు, లోయల గాలిక్ పేర్లు: అర్థాలు నమోదు చేసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లండ్‌కి ఉత్తరానా పడమరానా పరుచుకున్న కొండప్రాంతం హైలాండ్స్. అక్కడ కొండకే కాదు, చిన్న వాగుకీ, మలుపులో ఉన్న బండకీ కూడా పేరుంటుంది. వాటిలో చాలావరకు గాలిక్ భాషలో పెట్టినవే. వాటిని సరిగ్గా పలకగలిగినవాళ్ళు, ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. స్కాట్లండ్‌లో ఉంటూ వారాంతాల్లో కొండలెక్కే తెలుగువాళ్ళకీ, ఊరిపేర్ల మీద ఆసక్తితో ఇంటినుంచే చదివేవాళ్ళకీ ఈ జవాబులు ఉపయోగపడాలని రాస్తున్నాను.

గేలిక్ అనాలా, గాలిక్ అనాలా?

స్కాట్లండ్‌లో గాలిక్ అనే అంటారు. గేలిక్ అంటే ఐర్లండ్ భాష గురించి అడుగుతున్నారని అనుకునే అవకాశం ఉంది. రెండూ ఒకే కుటుంబంలోవి.

1891 జనాభా లెక్కల్లో స్కాట్లండ్‌లో గాలిక్ మాట్లాడేవాళ్ళు రెండున్నర లక్షల పైచిలుకు. 2011 నాటికి దాదాపు 57,000 మంది మిగిలారు. 2022లో అర్థం చేసుకోగలిగినవాళ్ళని, చదవగలిగినవాళ్ళని కూడా కలుపుకుంటే, భాష ఎంతోకొంత వచ్చినవాళ్ళ సంఖ్య దాదాపు 1,30,000కి చేరింది. అది సంతోషించాల్సిన విషయమే. కానీ ఇంటిభాషగా గాలిక్ బలంగా ఉండిన పడమటి దీవుల్లో మాత్రం మాట్లాడేవాళ్ళ శాతం పడిపోయింది. క్లాసులో నేర్చుకున్న గాలిక్‌తో బోర్డు మీద పేరు చదవొచ్చు. ఫలానా లోయలో ఫలానా వాగుని ఎలా పిలిచేవాళ్ళో మాత్రం ఆ లోయలో పెరిగినవాళ్ళనే అడగాలి.

మ్యాపుల్లో పేర్లన్నీ ఉన్నాయి కదా, మళ్ళీ నమోదు చేయడం దేనికి?

మ్యాపులో ఉన్నది పేరుకి ఒక స్పెల్లింగు మాత్రమే. ఆ స్పెల్లింగు ఎలా వచ్చిందో తెలిస్తే ఈ ప్రశ్నకి జవాబు దొరికినట్టే.

బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 19వ శతాబ్దం నడిమి దశాబ్దాల్లో స్కాట్లండ్‌ని మైలుకి ఆరు అంగుళాల స్కేలుతో కొలిచింది. సర్వేవాళ్ళు తమ వెంట పేర్ల పుస్తకాలు ఉంచుకునేవారు. ప్రతి పేరుకీ వేర్వేరు స్పెల్లింగులు, ఏ స్పెల్లింగు ఎవరు చెప్పారు, ఆ చోటు ఎక్కడుంది, ఎలా ఉంటుంది అని గళ్ళు గీసి రాసుకున్నారు. ఇంత పద్ధతిగా చేసిన పనిని తేలిగ్గా తీసిపారేయలేం. ఆ పుస్తకాలే లేకపోతే ఎన్నో పేర్లు ఈపాటికి పోయేవి.

లోపం ఎక్కడంటే, సర్వే చేసిన సైనికుల్లో చాలామందికి గాలిక్ రాదు. భూస్వామి, ఆయన ఎస్టేటు మేనేజరు, చర్చి పాస్టరు, బడిపంతులు చెప్పిన మాటకి ఇచ్చిన విలువ గొర్రెల కాపరి మాటకి ఇవ్వలేదు. ఆ కొండమీద రోజూ తిరిగింది మాత్రం కాపరే. పైగా మ్యాపులో పట్టేవి కొన్ని పేర్లే. పొలం మూల, వాగులో ఈత కొట్టే మడుగు, ఆవులు నీడకి చేరే బండ లాంటి వాటి పేర్లు మ్యాపుకి ఎక్కనేలేదు. నా దృష్టిలో ముందు చూడాల్సింది వీటినే. పెద్ద కొండల పేర్లు ఎవరో ఒకరు కాపాడతారు. ఈ చిన్న పేర్లు ఒక మనిషి పోతే పోయినట్టే.

డిక్షనరీ తీసి అర్థం చూసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఈ పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

కెయిర్న్‌గార్మ్స్ పర్వతాల్లో 1,291 మీటర్ల ఎత్తున కెయిర్న్ టూల్ అనే శిఖరం ఉంది. ‘టూల్’ కోసం డిక్షనరీ వెతికితే పనికొచ్చేదేమీ దొరకదు. గాలిక్‌లో ఆ పేరు ‘కార్న్ అన్ తౌల్’. అసలు మాట ‘సౌల్’, అంటే ధాన్యపు కొట్టం. షష్ఠీ విభక్తిలో ముందు ‘అన్’ చేరేసరికి ‘స’ పోయి ‘త’ పలుకుతుంది. కొట్టం కొండ అన్నమాట. కొట్టం పైకప్పుని తలపించే ఆకారం వల్ల ఆ పేరు వచ్చిందంటారు.

అక్కడికి దగ్గర్లోనే ‘కొరె అన్ ట్రెఖ్క’ అనే చోటుంది. ‘కొరె’ అంటే పెద్ద వంటపాత్ర. హిమానీనదాలు కొండ పక్కని గిన్నెలా తొలిచిన చోట్లన్నింటికీ ఆ మాటే వాడతారు. ‘ట్రెఖ్క’ వెనక దాక్కున్నది ‘ష్నెఖ్క’, అంటే మంచు. అదే వ్యాకరణం వల్ల ఇక్కడ శబ్దం ఇంకా ఎక్కువ మారింది. పలుకు వినకుండా మ్యాపు మీది అక్షరాలు మాత్రమే చూసినా, అక్షరాలు చూడకుండా పలుకు మాత్రమే విన్నా దారి తప్పుతాం. శబ్దం, పాత స్పెల్లింగులు, చోటు రూపురేఖలు మూడూ ఒకే అర్థం వైపు చూపిస్తేనే దాన్ని ‘అర్థం’ అనే గడిలో రాయాలి. ఒక్కటి తేడా వచ్చినా ‘ఊహ’ అని రాయడం మేలు.

రంగుల పేర్లు ఎందుకు అంత తికమకగా ఉంటాయి?

గాలిక్ రంగుల్ని విడగొట్టే తీరు వేరు. ‘గొరొమ్’ అంటే నీలం అని నేర్పిస్తారు. కానీ బాగా ఎదిగిన గడ్డి కూడా గొరొమే. తెలుగులో పచ్చ అనే మాట అటు పసుపుకీ ఇటు ఆకుకీ చెల్లినట్టే అనుకోండి. ‘గ్లాస్’ బూడిదరంగుకీ ఆకుపచ్చకీ మధ్య ఎక్కడో ఉంటుంది. ‘ఊఅన్యె’ అంటే నికరమైన ఆకుపచ్చ. ఎరుపులో రెండు రకాలు: ‘జెరక్’ అంటే నిగనిగలాడే ఎరుపు, ‘రూఅఘ్’ అంటే నక్క ఒంటి మీద, జింక ఒంటి మీద కనిపించే తుప్పు ఎరుపు. ‘బ్రెఖ్క్’ అంటే చుక్కలు చుక్కలుగా ఉన్నది. ‘రీఅవఖ్’ అంటే చారలు కలిసిన గోధుమ, బూడిద రంగుల మిశ్రమం. 1,296 మీటర్ల బ్రేరియఖ్ కొండ పేరులో ఉన్నది అదే.

కెయిర్న్‌గార్మ్స్ పేరులోనే ఒక విచిత్రం ఉంది. కెయిర్న్ గార్మ్ అనేది 1,245 మీటర్ల ఒక కొండ పేరు. ‘గార్మ్’ అంటే గొరొమే, నీలికొండ. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క కొండ పేరునే మొత్తం పర్వతశ్రేణికి పెట్టేశారు. గాలిక్‌లో శ్రేణి పేరు ‘అమ్ మొనఘ్ రూఅఘ్’, ఎర్రని కొండసీమ. ఆ గ్రానైటు రాయిలో ఉన్న ఎరుపు చూస్తే పేరెందుకో తెలుస్తుంది. స్పే నదికి అవతలి పక్కన ‘అమ్ మొనఘ్ లీఅ’ ఉంది, అది బూడిదరంగు కొండసీమ. నది లోయలో నిలబడ్డవాళ్ళకి ఒక వైపు ఎరుపు, ఇంకో వైపు బూడిద. రెండు పేర్లూ ఒకదాన్ని చూసి ఒకటి పెట్టినవి. ఇంగ్లిష్ పేరు వాడితే ఆ జత కనిపించకుండా పోతుంది. 2003లో ఏర్పడిన జాతీయ పార్కు తన గాలిక్ పేరులో మొనఘ్ రూఅఘ్‌నే ఉంచుకోవడం నాకు చాలా నచ్చిన విషయం.

కాబట్టి రంగు పేరు నమోదు చేసేటప్పుడు ఆ చోటు ఏ కాలంలో, ఏ వైపునుంచి చూస్తే ఆ రంగులో ఉంటుందో కూడా రాయండి. కెయిర్న్‌గార్మ్స్‌లో గ్లెన్‌మోర్ దగ్గర ‘అన్ లొఖన్ ఊఅన్యె’ అనే ఆకుపచ్చ మడుగు ఉంది. దేవకన్యల్లాంటి ‘షీ’ జాతివాళ్ళు తమ పచ్చబట్టలు అందులో ఉతికేవాళ్ళని అక్కడి కథ. ఆ కథని కూడా రాసుకోవాలి.

శరీర భాగాల పేర్లు కొండలకి నిజంగా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ‘స్రోన్’ ముక్కు, ముందుకు పొడుచుకొచ్చిన గుట్ట. ‘ద్రుయిమ్’ వీపు, పొడవాటి మిట్ట. ‘క్యాన్’ తల, ఏదైనా చోటి కొస. ‘కీఖ్’ రొమ్ము. గ్లెన్‌కో లోయ చివర కనిపించే ‘స్గోర్ న కీఖ్యె’ని ఇంగ్లిష్‌లో పాప్ ఆఫ్ గ్లెన్‌కో అంటారు.

కెయిర్న్‌గార్మ్స్‌లో డెవిల్స్ పాయింట్ అనే శిఖరం ఉంది. గాలిక్‌లో దాని పేరు ‘బొత్ అన్ జెవిన్’, దయ్యం పురుషాంగం అని అర్థం. విక్టోరియా రాణి అర్థమేమిటని అడిగితే ఆమె సేవకుడు జాన్ బ్రౌన్ సిగ్గుపడి మెత్తగా మార్చి చెప్పాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతెలా ఉన్నా, మర్యాద పేరుతో అర్థాలు మార్చడం, దాచడం చాలాచోట్ల జరిగింది. మీరు మాత్రం చెప్పింది చెప్పినట్టు రాయండి. పెట్టినవాళ్ళు పశువుల మధ్య బతికినవాళ్ళు, వాళ్ళకి అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

హైలాండ్స్ పేర్లన్నీ గాలిక్‌వేనా?

కావు. గాలిక్‌కి ముందు తూర్పున పిక్ట్ జాతి భాష ఉండేది. ‘పిట్’తో మొదలయ్యే పిట్లొఖ్రి లాంటి పేర్లలో ఆ మాట మిగిలింది, భూమిలో ఒక వాటా అని దాని అర్థం. నది కలిసే చోటుని పిక్ట్‌లు ‘అబర్’ అన్నారు, గాలిక్‌వాళ్ళు ‘ఇన్వర్’ అన్నారు. ఇన్వర్నెస్ అంటే నెస్ నది సముద్రంలో కలిసే చోటు.

ఉత్తరానా, పడమటి తీరంలోనూ నార్స్ పేర్లు, అంటే వైకింగుల భాషలో పెట్టినవి. సదర్లండ్ అంటే దక్షిణభూమి. స్కాట్లండ్‌కి ఉత్తరపు కొసలో ఉన్నదానికి ఆ పేరేమిటి అనిపిస్తుంది, కానీ ఓర్క్నీ దీవుల్లో ఉన్న నార్స్‌వాళ్ళకి అది దక్షిణమే. డింగ్‌వాల్ అంటే సభ జరిగే మైదానం. సుల్వెన్ కొండ పేరులో నార్స్ మాట, గాలిక్ మాట రెండూ కలిసిపోయాయి.

కొన్ని ఊళ్ళకి రెండు భాషల్లో సంబంధంలేని రెండు పేర్లుంటాయి. బ్యూలీ అన్నది ఫ్రెంచి, అందమైన చోటు. గాలిక్‌లో ఆ ఊరు ‘అ వానఖిన్’, మఠం. ఫోర్ట్ విలియమ్‌ని గాలిక్‌లో ‘అన్ గెరస్తన్’ అంటారు, సైనిక శిబిరం అని. ఇలాంటివాటిని ఒకదానికొకటి అనువాదం అని రాయకూడదు, వేర్వేరు పేర్లుగానే నమోదు చేయాలి.

నాకు గాలిక్ రాదు. నేను ఈ పని చేయొచ్చా?

చేయొచ్చు. అర్థం తేల్చే పని భాష తెలిసినవాళ్ళకి వదిలేసి, మీరు వినడం, రికార్డు చేయడం, చోటు గుర్తించడం చేయండి. ఆ మూడింటికే మనుషులు కావాలి.

ఒక సులువు చెబుతాను. గాలిక్ పేరులో సాధారణంగా రకం ముందొస్తుంది, వివరం తర్వాత. కొండ–నల్ల, లోయ–పైన్ చెట్లు అన్నట్టు. తెలుగులో నల్లమలలా వివరం ముందుండి, మల వెనక ఉండే పద్ధతికి ఇది తలకిందులు. పలికేటప్పుడు నొక్కు వివరం మీద పడుతుంది. ఇన్వర్నెస్‌లో ‘నెస్’ని నొక్కుతారు చూడండి. ఎక్కడ నొక్కారో గుర్తు పెడితే, పేరు ఎక్కడ విరుగుతుందో భాష తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

ఎవర్ని అడగాలి? ఎలా అడగాలి?

అక్కడే పుట్టి పెరిగిన రైతులు, కాపరులు, జింకల వేటని చూసుకునే ఎస్టేటు ఉద్యోగులు, పడవవాళ్ళు, చిన్నప్పుడు పశువులు కాసిన పెద్దవాళ్ళు. గాలిక్ మర్చిపోయిన కుటుంబాల్లో కూడా చోట్ల పేర్లు పాత పలుకులోనే మిగిలి ఉంటాయి, వాళ్ళని వదిలేయొద్దు.

మ్యాపు ముందుపెట్టి ‘దీన్ని ఎలా పలుకుతారు’ అని మొదలెట్టకండి. మ్యాపు స్పెల్లింగు చూడగానే చదువుకున్న పలుకు నోట్లోకి వచ్చేస్తుంది. ‘ఇంటినుంచి ఆ వాగు దాటి పైకి ఎలా వెళ్ళేవాళ్ళు, దారిలో ఏమేం వచ్చేవి’ అని అడగండి. దారి చెబుతూ ఉంటే పేర్లు వాటంతటవే వస్తాయి. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళయితే కలిసి నడవడం ఇంకా మంచిది. ‘దీనర్థం ఇదేనా’ అని మీరు అందివ్వొద్దు. చాలామంది మర్యాదకి అవుననేస్తారు.

రికార్డు చేసేముందు అనుమతి అడగాలి. ఆ గొంతు ఎక్కడ దాస్తారో, ఎవరు వినొచ్చో, పేరు చెప్పాలో వద్దో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఎవరికైనా వయసు మీద పడి ఉంటే ఇంకో వారం ఆగుదామనుకోకండి. కెయిర్న్‌గార్మ్స్ పక్కనున్న డీసైడ్ (డీ నది లోయ) ప్రాంతపు గాలిక్‌ని పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి 1984లో చనిపోయారు. ఆ ప్రాంతపు పేర్లు వేలకొద్దీ ఈ రోజు మనకి ఉన్నాయంటే, ఆడమ్ వాట్సన్ అనే జీవశాస్త్రవేత్త, ఎలిజబెత్ ఆలన్ కలిసి స్థానికుల నోట విని ముందే రాసిపెట్టడం వల్లనే.

ఒక్కో పేరుకి ఏమేం రాసుకోవాలి?

విన్న పలుకు, వీలైతే అంతర్జాతీయ ధ్వనిలిపిలో. మ్యాపులో ఉన్న స్పెల్లింగు, ఏ ఏటి మ్యాపో. ఆర్డ్‌నెన్స్ సర్వే గ్రిడ్ రెఫరెన్స్, అంటే మ్యాపు మీద ఆ చోటుని చూపే అక్షరాలు, అంకెలు. అది కొండా, వాగా, పొలమా అన్నది. ఆ చోటుని మీ కళ్ళతో చూసి రాసిన రెండు మూడు వాక్యాలు, ఒక ఫొటో. చెప్పినవాళ్ళు ఏ ఊళ్ళో పెరిగారు, ఎవరి దగ్గర విన్నారు. వాళ్ళు చెప్పిన అర్థం వేరే గడిలో, పండితులు చెప్పే అర్థం ఇంకో గడిలో. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకూడదు.

ఊరివాళ్ళు చెప్పే అర్థం తప్పని తేలితే?

అయినా రాయాలి. గ్లెన్‌కో అంటే కన్నీటి లోయ అని చాలామంది నమ్ముతారు. 1692లో ఆ లోయలో మెక్‌డోనల్డ్ కుటుంబాలవాళ్ళని, తాము ఆతిథ్యమిచ్చిన సైనికులే చంపారు. ఆ ఘోరం తర్వాత ఆ అర్థం జనం మనసులో నాటుకుంది. నిజానికి ఆ లోయ పేరు అక్కడి నది నుంచి వచ్చింది, హత్యాకాండకి చాలాముందే ఉంది. భాషాశాస్త్రం ప్రకారం కన్నీటి లోయ అన్న అర్థం నిలవదు. కానీ జనం ఒక చోటుని ఎలా గుర్తుంచుకున్నారో చెప్పే సాక్ష్యంగా అది విలువైనదే. దాన్ని కొట్టేసే హక్కు మనకి లేదు, ‘జనశ్రుతి’ అనే గడిలో పెట్టాలి, అంతే.

బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన బెన్ నెవిస్, 1,345 మీటర్లు, దాని అర్థం మీదే పండితులకి ఏకాభిప్రాయం లేదు. అలాంటి పేరుకి ఒకే అర్థం రాసిన బోర్డు కనిపిస్తే నమ్మకండి.

చెట్ల పేర్లున్న చోట ఒకప్పుడు అడవి ఉన్నట్టేనా?

కొన్నిచోట్ల అవును. కింగ్యూసీ అంటే పైన్ అడవి కొస. ‘బెహె’ (బర్చ్), ‘కూరన్’ (రోవన్), ‘దారఖ్’ (ఓక్) ఉన్న పేర్లు ఇప్పుడు చెట్టులేని కొండల మీద కూడా కనిపిస్తాయి. అడవులు మళ్ళీ పెంచాలనుకునేవాళ్ళు వీటిని శ్రద్ధగా చూస్తున్నారు. ఒక్క జాగ్రత్త: ఏ చెట్టు అరుదో దాని పేరే చోటుకి అతుక్కునే అవకాశం ఎక్కువ. బర్చ్ అడవి మధ్యలో ఉన్న వాగుని బర్చ్ వాగు అంటే ఏ వాగో తెలియదు కదా. కాబట్టి పేరుతోపాటు నేలలో మిగిలిన పాత పుప్పొడి పరిశీలన, పాత మ్యాపులు కూడా చూడాలి.

మనుషులు లేని ఊళ్ళ పేర్లు కూడా సేకరించాలా?

తప్పకుండా. వేసవిలో పశువుల్ని పైకి తోలుకెళ్ళి ఆడవాళ్ళు, పిల్లలు కాపురముండి వెన్న, జున్ను చేసిన చోట్లని ‘ఆరి’ అంటారు. తూర్పు హైలాండ్స్‌లో అదే అర్థానికి ‘రుయి’ వాడతారు. గ్లెన్‌మోర్ పక్కన ఉన్న రైవోన్ కనుమ పేరులో ఉన్నది అదే. ఆ గుడిసెల పునాదులు గడ్డి కింద ఇంకా తెలుస్తాయి. ఎవరు ఎక్కడ మేపుకున్నారో చెప్పేది ఆ పేరు ఒక్కటే.

ఇంకోటి, గొర్రెల పెంపకం కోసం భూస్వాములు రైతుల్ని వెళ్ళగొట్టిన చోట్లు. సదర్లండ్‌లోని స్ట్రాత్‌నేవర్ లోయని 1814లో, 1819లో ఇలా ఖాళీ చేయించారు. అక్కడినుంచి కొందరు తీరానికి, కొందరు కెనడాకి వెళ్ళారు. కాబట్టి వెతకాల్సింది లోయలోనే కాదు, సముద్రం అవతల ఉన్న వాళ్ళ వారసుల పాటల్లో, ఉత్తరాల్లో కూడా.

ఈ విషయానికీ తెలుగుదేశానికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, కోలిన్ మెకంజీ. మన గ్రామాల కైఫీయత్తులు (ఊళ్ళ చరిత్ర చెప్పే రాతలు) సేకరింపజేసిన ఆ మెకంజీ దొర పుట్టింది గాలిక్ సీమ అయిన లూయిస్ దీవిలో, స్టోర్నోవే పట్టణంలో. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు, 1821లో చనిపోయారు. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఊరూరా తిరిగి కరణాలనీ పెద్దల్నీ అడిగి రాయించడం వల్లే ఆ సంపద మనకి దక్కింది. కైఫీయత్తుల్లో ఊరికి ఆ పేరెలా వచ్చిందో చెప్పే కథలు చాలా ఉన్నాయి. అవి చదివినవాళ్ళకి హైలాండ్స్‌లో జరిగే ఈ పని కొత్తగా అనిపించదు.

గాలిక్ పేర్లని తెలుగులో రాసుకోవచ్చా?

మీ నోట్సు కోసం రాసుకోండి, తప్పులేదు. ఇంగ్లిష్ స్పెల్లింగు కన్నా తెలుగు లిపి చాలాసార్లు దగ్గరగా పట్టుకుంటుంది. దీర్ఘం, హ్రస్వం తేడా గాలిక్‌లో అర్థాన్ని మార్చేస్తుంది, అది మనకి వెంటనే వినిపిస్తుంది, రాయడానికి అక్షరమూ ఉంది. కానీ నేను ‘ఖ’ అని రాసిన చోట గొంతులో ఒరుసుకుంటూ వచ్చే శబ్దం వేరు, ఉర్దూ ‘ఖ్వాబ్’లో ఉండేది. దానికి మనకి అక్షరం లేదు. కాబట్టి ఆడియో లేకుండా తెలుగు రాత ఒక్కటే ఎక్కడా సమర్పించకండి.

పాత ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? సేకరించింది ఎవరికివ్వాలి?

ఆర్డ్‌నెన్స్ సర్వే పేర్ల పుస్తకాలు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ మ్యాపుల వెబ్‌సైటులో 16వ శతాబ్దం చివర్లో టిమొతీ పాంట్ గీసినవి, 1747–1755 మధ్య విలియమ్ రాయ్ చేసిన సైనిక సర్వే కూడా ఉన్నాయి. పాత గొంతుల కోసం టోబర్ అన్ డుయల్ఖిష్ వెబ్‌సైటు వినండి. ఎడిన్‌బరో యూనివర్సిటీలో 1951లో మొదలైన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ రికార్డింగులు అందులో చాలా ఉన్నాయి.

గాలిక్ పేర్ల ప్రామాణిక రూపాల్ని చూసే సంస్థ ‘ఎన్మెన్ ఆచె న హాలపా’, స్కై దీవిలోని సాల్ మోర్ ఓస్తక్ కాలేజీలో ఉంది. రోడ్ల బోర్డుల మీద, మ్యాపుల మీద గాలిక్ రూపం ఎలా ఉండాలో సలహా ఇచ్చేది వాళ్ళే. మీ దగ్గరున్న పేర్లు వాళ్ళ జాబితాలో ఉన్నాయేమో ముందు చూసి, లేనివాటికి ఆడియో, గ్రిడ్ రెఫరెన్స్, చెప్పినవాళ్ళ అనుమతిపత్రం జతచేసి పంపండి. ఒక కాపీ ఆ ఊరి చరిత్ర సంఘానికి, ఒకటి చెప్పినవాళ్ళ కుటుంబానికి ఇవ్వడం మర్చిపోకండి.